సగం బొట్టు

సాయంత్రం ఐదింటికి గౌతమిని అరెస్టు చేస్తున్నామని ఇన్‌స్పెక్టర్ ఉమామహేశ్వర్ పొద్దున్నే ఫోన్ చేశాడు. పాత పరిచయం కొద్దీ చెప్పాడు. "ఏమన్న తేల్చేదుంటె ఆ లోపల్నే తేల్చుకో అక్కా, తర్వాత నా చేతుల ఏం లేదు" అని పెట్టేశాడు.

నా పేరు నీలవేణి. ఉప్పల్‌లో ఇన్వర్టర్ బ్యాటరీల దుకాణం పైన నా డిటెక్టివ్ ఆఫీసు. అంతకుముందు పోలీసు సైబర్ విభాగంలో చేశాను. పై అధికారితో పడక బయటికొచ్చాను. ఆ పై అధికారి చిదంబరం కూడా తరువాత రిటైరై నా లాగే బోర్డు పెట్టుకున్నాడు. నాది రేకు బోర్డు, ఆయనది వెలిగే బోర్డు. ఈ కేసులో నేను గౌతమి తరఫున, ఆయన ఫ్యాక్టరీ తరఫున.

ఫ్యాక్టరీ పేరు పెద్దవాగు కెమికల్స్, నాచారం పారిశ్రామికవాడలో ఉంది. సోమవారం మధ్యాహ్నం అక్కడ రియాక్టర్ పేలింది. కనకరాజు అనే కార్మికుడు ఒళ్ళంతా కాలి దవాఖానాలో పడున్నాడు, నోట మాట లేదు. కనకరాజే తప్పు వాల్వు తిప్పాడని షిఫ్టు ఇన్‌చార్జి జగన్ చెబుతున్నాడు. ఆ షెడ్డులో కెమెరాలున్నాయి. ఎవరు ఏం తిప్పారో రికార్డయింది. ఆ రికార్డింగంతా సర్వర్ రూములో ఒక స్టోరేజ్ పెట్టెలో ఉంది. మంగళవారం పొద్దున ఆ పెట్టెలో ఒక డిస్కు పాడైంది. సర్వీసు కంపెనీ నుంచి గౌతమి వచ్చి మార్చింది. మధ్యాహ్నానికల్లా పెట్టె మొత్తం చచ్చింది.

కనకరాజు గౌతమికి మేనమామ వరస. ఇద్దరిదీ ఆలేరు వైపు ఒకే ఊరు. మామ తప్పు బయటపడకుండా ఆ పిల్ల కావాలనే బాగున్న డిస్కు కూడా పీకేసిందని చిదంబరం రిపోర్టు రాసిచ్చాడు. రాసినాయనకు ఏం పోయింది? మేడిపల్లిలో గౌతమి తల్లి సత్తమ్మ మూడు రోజులుగా పొయ్యి వెలిగించలేదు. నాకు ఒళ్ళు మండిపోతోంది.

ఆ పెట్టె సంగతి గౌతమి నిన్న నాకు విడమరచి చెప్పింది. పన్నెండు డిస్కులు కలిసి ఒకే సమాచారాన్ని మోస్తాయి, పన్నెండు మంది మోసే పల్లకిలాగ. ఒకరు జారినా మిగతావాళ్ళు పట్టుకుంటారు. రెండోవాడు కూడా జారితే పల్లకి నేల మీదే. అందుకని మార్చడానికి ఒక పద్ధతుంది. పాడైన డిస్కుకు నారింజ రంగు లైటు వెలుగుతుంది. అంతటితో నమ్మకుండా కంప్యూటర్ నుంచి ఆ లైటునే మిణుకుమనిపించి నంబరు సరిచూసుకోవాలి. ఒంట్లోని కరెంటు డిస్కుకు తగలకుండా మణికట్టుకు ఎర్త్ పట్టీ కట్టుకోవాలి. గొళ్ళెం నొక్కి, అంగుళం బయటికి లాగి, లోపల తిరిగే పళ్ళెం ఆగేదాకా ఓపిక పట్టి, అప్పుడు పూర్తిగా తీయాలి. కొత్తది పెట్టాక మిగతా పదకొండూ కలిసి దానిలోకి పాత సమాచారం మళ్ళీ రాస్తాయి. దాన్ని రీబిల్డ్ అంటారు. అది పూర్తయ్యేదాకా ఇంకోదాని మీద చెయ్యి వేయకూడదు. ఒక గడిలోది ఇంకో గడిలో పెట్టకూడదు.

గౌతమి ఇదంతా చేసింది. నాలుగో గడిలో పాడైన డిస్కు తీసి కవర్లో వేసి డబ్బాలో పెట్టింది. కొత్తది పెట్టింది. రీబిల్డ్ మొదలయ్యాక ఐటీ మేనేజర్ దయాకర్ ఆమెతో, "పొద్దటి నుంచి ఏం తినలే, పోయి తినిరా, నేనుంట" అన్నాడట. క్యాంటీన్లో సగం అన్నం మీద ఉండగా కబురొచ్చింది. పరుగెత్తి వచ్చేసరికి ఏడో గడికి కూడా నారింజ లైటు. దయాకర్ ఆమెను గదిలో నిలబడనివ్వలేదు. పాత డిస్కు డబ్బాకు అప్పటికే తనే టేపు వేసి సిద్ధంగా పెట్టాడు, తీసుకుని వెళ్ళమన్నాడు. అంత గొడవలోనూ సారు తనకు అన్నం సంగతి గుర్తుచేశాడనీ, డబ్బాకు టేపు వేసి పెట్టాడనీ ఆ పిల్ల మెచ్చుకుంటూ చెప్పింది. నాకు ఆ మెచ్చుకోలే నచ్చలేదు.

గేటు దగ్గర ఆగయ్య అనే ముసలి సెక్యూరిటీ నా ఫోన్ తీసుకుని టోకెన్ చేతిలో పెట్టాడు. రసాయనాలున్న చోటు, లోపలికి ఫోన్లు నిషేధం. నా సంచి మొత్తం బోర్లించాడు, సద్దిగిన్నె మూత కూడా తీశాడు. పేలుడు తరువాత గుండుసూది కూడా పాసు లేకుండా బయటికి పోవడం లేదన్నాడు. మంగళవారం గౌతమి ఒక డిస్కు తెచ్చింది, ఒక డిస్కు తీసుకెళ్ళింది, అంతే. ఇంకో మాట కూడా చెప్పాడు. షిఫ్టు ఇన్‌చార్జి జగన్, ఐటీ మేనేజర్ దయాకర్ సొంత అన్నదమ్ములట. నా దగ్గర ఎవరూ ఆ ముక్క అనలేదు. చిదంబరం రిపోర్టులో అసలే లేదు.

దయాకర్ తన క్యాబిన్లో ఉన్నాడు. నలభై ఏళ్ళ మనిషి, నుదుటన బొట్టు, గొంతు మెత్తన. నేను కుర్చీ లాక్కుని సూటిగా అడిగాను.

"జగన్ నీ తమ్ముడా?"

"అవు. అయితే ఏంది మేడం? తమ్ముడుంటే తప్పా?"

"వీడియో పోతే లాభం గౌతమి మామకు అంటున్నరు. నీ తమ్మునికి లాభం లేదా?"

ఆయన కోపం తెచ్చుకోలేదు. గౌతమి ఏడో డిస్కు లాగడం తను కళ్ళారా చూశానన్నాడు. రీబిల్డ్ మధ్యలో, పళ్ళెం తిరుగుతుండగా లాగి, మళ్ళీ తోసిందట. ఆ దెబ్బకు అది చచ్చిందట. ఆమె క్యాంటీన్లో ఉందని వడ్డించిన సక్కుబాయి చెబుతోంది కదా అంటే, వాళ్ళిద్దరూ స్నేహం, చెప్పదా అన్నాడు. ఆమె క్యాంటీన్లో ఉందని చూపించే కెమెరా కూడా ఆ పెట్టెలోకే రాస్తుంది. ఏ డిస్కు ఎప్పుడు తీశారో పెట్టె రాసుకునే లాగ్ చూపించమంటే, బాగుచేసే ప్రయత్నంలో చెరిగిపోయిందన్నాడు. ఎంత చక్కగా కుదిరాయో చూడండి అన్నీ.

లేవబోతూ, పాడైన నాలుగో డిస్కు ఏమైందని అడిగాను. అది అడగాలని ముందుగా అనుకున్నది కూడా కాదు.

"ఎప్పటిలెక్కనే. గౌతమి వాళ్ళ ఆఫీసుల ఇస్తది. వాళ్ళు పోచారం సెంటర్‌కు పంపి రంధ్రాలు కొట్టి పారేస్తరు."

"ఏం ఇస్తది? మంగళవారం సాయంత్రమే ఆఫీసుకు రావద్దన్నరు. అప్పటి నుంచి పిల్ల ఇల్లు కదల్లేదు."

దయాకర్ చేతిలోని పెన్ను కింద పెట్టాడు. ముఖం పాలిపోయింది. పాపం, ఆ పిల్ల ఉద్యోగం సంగతి ఇప్పుడే తెలిసిందేమో, జాలిపడ్డాడనుకున్నాను. సర్వర్ రూము తెరిపించి, భోజనానికి పోతున్నానని చెప్పి వెళ్ళిపోయాడు.

సర్వర్ రూములో చిదంబరం నాకంటే ముందే కూర్చుని ఉన్నాడు. చలికి మఫ్లర్ చుట్టుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని. జేబులో ఫోన్ కూడా ఉంది, యాజమాన్యం మనిషి కదా, ఆగయ్య ఆపలేదు.

"రండి నీలవేణి గారూ. శవానికి నాడి చూడ్డానికొచ్చారా?"

"బతికున్నోళ్ళకు ఉరి బిగిస్తున్నరని విని వచ్చిన సార్."

ఆయన నవ్వి తన వాదన మళ్ళీ చదివాడు. రెండు డిస్కులు పోయాయి. ఒకటి దానంతట అది పోయింది, ఇంకోటి గౌతమి చేత్తో పోయింది. ఏడో గడిలో డిస్కును ఎన్నిసార్లు పరీక్షించినా పలకడం లేదు. లోపల సమాచారం చదివే తల విరిగినట్టు టకటక చప్పుడు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలన్నాడు. ఆ పరీక్ష చేసినప్పుడు డిస్కు బయటికి తీశారా అని అడిగితే, లేదు, ఇక్కడి నుంచే అన్నాడు లాప్‌టాప్ తట్టి. ఎదురుగా ఉన్న పెట్టె ముఖం వైపు ఆయన ఒక్కసారి తలెత్తి చూడలేదు. నేను దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

మూడు వరుసలు, వరుసకు నాలుగు గడులు. పైవరుస కుడి మూల నాలుగోది, గౌతమి పెట్టిన కొత్త డిస్కు. నడిమి వరుసలో మూడోది, ఏడు. దానికి నారింజ లైటు. కొత్తది తప్ప అన్నిటి మీదా సన్నగా పసుపు గీతలున్నాయి. ముందు దుమ్మనుకున్నాను. టార్చి వేసి చూస్తే ముగ్గు.

దసరాకు ఆయుధపూజ చేయని ఫ్యాక్టరీ ఈ వాడలో లేదు. లేతు మెషీనుకూ చేస్తారు, లిఫ్టుకూ చేస్తారు, జిరాక్సు మిషనుకూ నిమ్మకాయ కడతారు. ఇక్కడ ఎవరో తడి పసుపు వేలితో పన్నెండు డిస్కుల ముఖాల మీదా కలిపి ఒకే ఎనిమిది రేకుల పద్మం వేశారు. నడిమధ్య కుంకుమ బొట్టు పెట్టారు. రెండు నెలల కిందటిది, వెలిసిపోయింది, కానీ రేకులు కనబడుతున్నాయి. కొత్త డిస్కున్న మూలలో గీత లేదు, ఉండదు కూడా. అది సరే. నా చూపు పద్మం నడుమ ఆగిపోయింది.

బొట్టు సగమే ఉంది.

ఆరో గడి అంచు మీద ఎర్రగా సగం చంద్రుడు. రెండో సగం ఏడో గడి మీద ఉండాలి. అక్కడ కుంకుమ లేదు. చెరిగిన మరక కూడా లేదు. దాని బదులు ఒక రేకు కొస ఉంది. పువ్వు నడుమ రేకు కొస ఎవరు గీస్తారు? ఏ ఆడపిల్లా గీయదు. ఆ కొస పైవైపు కుడిమూలకు వంగి ఉంది. పైన మూడో గడిలో ఒక రేకు గీత మొదలై, కుడి అంచు దగ్గర తెగిపోయింది. ఆ గీతకు ఈ కొస తెచ్చి అతికిస్తే వెంట్రుకవాసి తేడా లేకుండా కలుస్తుంది.

"సార్, ఇది ఏడో డిస్కు కాదు" అన్నాను. "ఇది నాలుగోది. మంగళవారం పొద్దున పాడైందని గౌతమి తీసేసిందే, అది. సచ్చినదాన్ని తెచ్చి ఈడ పెట్టిన్రు. పలకమంటే ఎట్ల పలుకుతది?"

చిదంబరం మొదట నవ్వాడు. ముగ్గులు చూసి కేసులు తేల్చడం ఎప్పటి నుంచి అన్నాడు. నేను టార్చి ఆయన చేతికిచ్చాను. వంగి చూశాడు. ఆయన బుర్ర తక్కువదేం కాదు, వంకర అంతే. మూడో గడి గీత, ఏడో గడి కొస, సగం బొట్టు, వరసగా చూసి నవ్వు మానేశాడు. చప్పున చెయ్యి చాచి ఏడో గడి గొళ్ళెం మీద వేలు పెట్టాడు.

నేను ఆ చేతి మీద ఒక్కటేశాను. గట్టిగానే తగిలింది.

"పట్టీ లేకుండ, పంచనామా లేకుండ ఒక్కటి గూడ కదలొద్దు. ఏది ఏడ ఉన్నదో అదే మన సాక్ష్యం. మీరు సర్వీసుల ఉన్నప్పుడు గిట్లనే రెండు కేసులు పాడుచేసిన్రు."

"నన్ను కొడతావా?"

"కొట్టిన. కంప్లైంట్ రాస్కోండి."

ఆయన చెయ్యి రుద్దుకుంటూ ఆలోచనలో పడ్డాడు. నాకు అప్పటికే మిగతాది అర్థమవుతోంది. తమ్ముడి తప్పు ఆ వీడియోలో ఉంది కాబట్టి దయాకర్‌కు ఏడో డిస్కు మాయం కావాలి. అది ఒక్కటి పోతే పల్లకి కూలుతుంది. కానీ ఫ్యాక్టరీ లోపల ఉంటే ఎప్పుడైనా దొరుకుతుంది, బయటికి తీసుకెళ్దామంటే గేటులో ఆగయ్య గిన్నె మూత కూడా తీసి చూస్తున్నాడు. ఆ రోజు పాసు మీద గేటు దాటే డిస్కు ఒక్కటే ఉంది, గౌతమి డబ్బాలోది. ఆమెను అన్నానికి పంపి, ఏడోది తీసి, దాని చోట చచ్చిన నాలుగోది పెట్టి, ప్రాణమున్న ఏడోదాన్ని డబ్బాలో వేసి టేపు చుట్టాడు. ఒకటి వచ్చింది, ఒకటి పోయింది. పోచారంలో ఎవరో దానికి రంధ్రాలు కొట్టేస్తారు, తన చేతికి మట్టి అంటదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగింది.

అంటే వీడియో ఎక్కడికీ పోలేదు. ఆ ఏడోది తెచ్చి దాని గడిలో పెడితే పదకొండూ కలిసి మళ్ళీ లేచి నిలబడతాయి. గౌతమి బయటపడుతుంది.

ఇదే సంగతి చిదంబరం ఇంకోవైపు నుంచి పట్టుకున్నాడు.

"అయితే అసలు డిస్కు ఆ అమ్మాయి పట్టుకెళ్ళిన డబ్బాలో ఉందన్నమాట. మూడు రోజులుగా ఆమె దగ్గరే ఉందన్నమాట. నీలవేణి గారూ, మీరు ఆమెను విడిపించలేదు. దొంగతనం కూడా అంటగట్టారు."

"టేపు వేసింది దయాకర్."

"అని ఆమె చెబుతోంది. డబ్బా ఆమె ఇంట్లో పోలీసుల చేతికి చిక్కితే ఎవరి మాట వింటారు?"

అని నా ఎదుటే ఉమామహేశ్వర్‌కు ఫోన్ కలిపాడు. ఐదింటిదాకా ఆగనవసరం లేదు, సాక్ష్యం నిందితురాలి ఇంట్లోనే ఉంది, ఇప్పుడే సోదా చేయండి అన్నాడు. నేను పక్క నుంచి అరిచి పువ్వు సంగతి చెబుతుంటే ఫోన్ చెవికి అదుముకుని అటు తిరిగాడు. ఆయనతో పెట్టుకుంటే పొద్దు పోతుంది. బయటికి నడిచాను.

వరండాలో సక్కుబాయి నేల తుడుస్తోంది. క్యాంటీన్లో వడ్డించేదీ ఈమే, ఇక్కడ తుడిచేదీ ఈమే. ఆ ముగ్గు ఎవరు వేశారంటే తనే అంది. డిస్కుల జాలీల్లోకి నీళ్ళు పోకుండా సన్నగా గీయమని గౌతమి పక్కన నిలబడి చెప్పిందట. నడుమ బొట్టు పెట్టావా, పూర్తిగా పెట్టావా అని అడిగాను. నా వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. సగం బొట్టు ఎవలన్న పెడ్తరా అమ్మా అంది. మంగళవారం మధ్యాహ్నం ఆ గదికి ఎవరైనా ఏమైనా అడిగారా అంటే, దయాకర్ సారు తడి గుడ్డ అడిగాడని చెప్పింది.

"ఇచ్చినవా?"

"ఇచ్చిన. మల్ల నాకే ఇచ్చిండు. ఎట్లిచ్చిన్నో అట్లనే ఉన్నది, జర గూడ మరక లేదు. ఏం తుడిచిండో ఏమో."

దయాకర్ ఆ పువ్వును చూశాడు. తప్పు ఎక్కడ దొరుకుతుందో అతనికి మంగళవారమే తెలుసు. మరి ఎందుకు తుడవలేదు? ఒక్క తుడుపు చాలు, నేను ఈ జన్మలో కనిపెట్టేదాన్ని కాదు. ఆ వెంటనే ఇంకోటి తోచింది. డబ్బా పోచారం పోలేదని, ఇంకా గౌతమి దగ్గరే ఉందని అతనికి ఇవాళ చెప్పింది ఎవరు? నేనే. పాలిపోయిన ఆ ముఖం జాలి కాదు. అతను పోయింది భోజనానికి కాదు.

గేటుదాకా పరుగెత్తాను. టోకెన్ ఆగయ్య బల్ల మీదికి విసిరి ఫోన్ లాక్కున్నాను. గౌతమి నుంచి మూడు మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే ఒక్క రింగుకే ఎత్తింది. గొంతులో మూడు రోజుల తరువాత మొదటిసారి సంతోషం.

"అక్కా, దయాకర్ సార్ మా ఇంటికొచ్చిండు. కేసు ఎన్కకు తీస్కునేటట్టు యాజమాన్యంతోని మాట్లాడతనన్నడు. పాత డిస్కు డబ్బా అడుగుతుండు. ఆఫీసుకు రానియ్యకపాయె, నేను స్కూటర్ డిక్కీలనే మర్చిపోయిన. అమ్మ తాళంచెవి ఇచ్చింది, సార్ తీస్కుంటుండు."

"ఇయ్యకు గౌతమీ. ఆ డబ్బా ఇయ్యకు. అండ్ల ఉన్నది పాడైన డిస్కు కాదు, అదే ఏడోది. అది పోతే నువ్వు జైలుకే."

అవతల ఫోన్ చేతులు మారిన అలికిడి. తరువాత మెత్తటి గొంతు.

"పువ్వు సూసిన్రా మేడం?"

"చూసిన."

"నేను గూడ సూసిన. డిస్కు పెట్టి ఎన్కకు జరిగినంక సూసిన. గుడ్డ తెప్పిచ్చిన. తుడిస్తే ఐపోవు. మస్తు సేపు నిలవడ్డ ఆడ. పసుపు కుంకుమ మీద గుడ్డ వెట్టనీకి చెయ్యి రాలే." ఊపిరి తీసుకున్నాడు. "ఇది వాళ్ళే పోచారంల పగలగొడ్తరనుకున్న. నా చేతితోని కాదు గద అనుకున్న."

ఏం చెప్పాలో ముందుగా అనుకోలేదు. నోటికి వచ్చింది చెప్పాను.

"ఇప్పుడు నీ చేతులనే ఉన్నది దయాకర్. డబ్బా విప్పి సూడు. దాని ముఖం మీద మిగిలిన సగం బొట్టున్నది. గుడ్డ వెట్టనీకి రాని చెయ్యి, దాని మీద సుత్తె ఎట్ల వెడ్తది?"

టేపు చింపుతున్న చప్పుడు వినిపించింది. నెమ్మదిగా, కవరు చిరగకుండా, మంచి పనివాడు చింపినట్టు చింపుతున్నాడు. వెనక సత్తమ్మ ఎవరినో ఏమైందని అడుగుతోంది.

"నాకు ఒక్కడే తమ్ముడు మేడం" అన్నాడు.

గౌతమి స్కూటరు స్టార్టయింది. "సార్, డబ్బా ఇచ్చిపోండ్రి" అని గౌతమి అరుస్తోంది, ఆ అరుపు ఫోన్లో దూరమవుతోంది.